లామింగ్టన్ రోడ్డుకు పోయి వచ్చినం

నా బిడ్డ "డాడీ, నాకు పెడల్ కావాలె" అంటే నేను సైకిల్ పెడల్ అనుకున్నాను. ఇంట్లో సైకిలే లేదు, పెడల్ ఎందుకు బిడ్డా అని అడిగాను. కడుపు పట్టుకొని నవ్వి ఫోన్‌లో బొమ్మ చూపించింది. అరచేతిలో పట్టేంత ఇనుప డబ్బా, పైన తిప్పే నాబులు రెండు, కాలితో తొక్కే స్విచ్చి ఒకటి. ఎలక్ట్రిక్ గిటారు వైరు ముందు ఈ డబ్బాలోకి పోయి, అక్కడి నుంచి యాంప్లిఫయర్‌లోకి పోతుందట. స్విచ్చి తొక్కితే గిటారు గొంతు మారుతుంది. సన్నని తీగ మోత బొంగురుపోయి, మిల్లు భోంగా లాగా ఆగకుండా సాగుతుంది. దాన్ని ఫజ్ అంటారట.

ధర చూస్తే తొమ్మిది వేల చిల్లర. నేను కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు సర్దేవాణ్ణి. గిటారే సెకండ్ హ్యాండ్‌ది, అది కూడా తను రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్నది. నా మొహం చూసి తనే అన్నది: "కొనమంటలేను డాడీ. నేనే చేసుకుంటా. లోపల పార్టులు పదకొండే. లామింగ్టన్ రోడ్డుల దొరుకుతయట."

"దొరుకుతయట" అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. లామింగ్టన్ రోడ్డు మా గల్లీ నుంచి పావుగంట నడక. మా బాపు ఎన్నో ఏళ్ళు రోజూ పోయి వచ్చిన తొవ్వ. నా బిడ్డ దాని పేరు ఫోన్‌లో చదివి నాకు చెప్తున్నది. తప్పు తనది కాదు, నేనెప్పుడూ చెప్పలేదు.

బాపు మిల్లులో సాంచాల ఖాతాలో పనిచేసేవాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ సమ్మె మొదలైనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ సమ్మె సంగతి ఈ పత్రిక చదివే ఇళ్ళకు నేను చెప్పేదేముంది? రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. ఇవాళ్టికీ ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. కొందరు ఊళ్ళకు తిరిగిపోయారు, కొందరు కూరగాయల బండి పెట్టారు. బాపుకు మాత్రం ముందు నుంచీ ఒక పిచ్చి ఉండేది. గణపతికి, బతుకమ్మకు మండల్ వాళ్ళు పెట్టే యాంప్లిఫయర్ల పక్కన కూర్చొని, చెడిపోతే విప్పి చూసేవాడు. ఆ పిచ్చే మాకు అన్నం పెట్టింది. అదే సంవత్సరం ఆగస్టు 15న దూరదర్శన్‌లో రంగుల ప్రసారం మొదలైంది, ఆ చలికాలం ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు. టీవీలు, టేపు రికార్డర్లు, వాటి పార్టులు అన్నిటికీ గిరాకీ పెరిగింది. ఒక దిక్కు మిల్లు గేట్లు మూతపడుతుంటే ఇంకో దిక్కు లామింగ్టన్ రోడ్డు కళకళలాడింది. బాపు అక్కడ ఒక దుకాణం ముందు స్టూలు మీద కూర్చొని సోల్డరింగ్ నేర్చుకున్నాడు. నేర్పినాయన గుజరాతీ సేఠ్. జీతం లేదు, చాయ్ మాత్రం ఇచ్చేవాడట.

సరే, పార్టుల దగ్గరికి వస్తాను. తెలియక పోయినవాళ్ళు మాలాగే రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. మీ ఇళ్ళలో ఇలాంటి పిచ్చి ఉన్న పిల్లలుంటే పనికొస్తుంది.

మొదటి మాట, ఆదివారం పోవద్దు. నాకు సెలవు ఆదివారమే కాబట్టి ఆదివారమే పోయాం, దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మళ్ళీ శనివారం సగం పూట సెలవు పెట్టి పోయాం. మన గల్లీల్లోంచి బయటపడి మౌలానా షౌకత్ అలీ రోడ్డు ఎక్కి స్టేషన్ దిక్కు నడిచాం. దాని పాత పేరే గ్రాంట్ రోడ్డు. 1835 నుంచి 1838 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న రాబర్ట్ గ్రాంట్ పేరది. లామింగ్టన్ కూడా గవర్నరే, 1903 నుంచి 1907 దాకా. ఇప్పుడు ఆ రోడ్డు అసలు పేరు డాక్టర్ దాదాసాహెబ్ భడ్కమ్కర్ మార్గ్, కానీ అలా అడిగితే టాక్సీవాడు మన మొహం చూస్తాడు. గవర్నర్లకు రోడ్లు మిగిలాయి. ఆ రోడ్లకు కంకర కొట్టి, మట్టి మోసిన నైజాం ఇలాకా కామాఠీలకు ఒక పేట పేరు మిగిలింది. ఆ పేట పేరు చెప్తే కూడా బయటివాళ్ళు ఒక రకంగా నవ్వుతారు. ఆ నవ్వు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

తోవలో బిడ్డకు మినర్వా థియేటర్ ఉన్న చోటు చూపించాను. 1975లో షోలే వచ్చి అయిదేళ్ళు ఆడింది అక్కడే. ఇప్పుడు ఆ థియేటర్ లేదు. "ఆ సిన్మల ధర్మేంద్ర టాంకీ ఎక్కి అరిసినప్పుడు స్పీకర్లు ఎట్ల మోగినయో తాత నెల రోజులు చెప్పిండు" అంటే, "స్పీకర్లు ఏ కంపెనీవి?" అని అడిగింది. అచ్చం ఆయనే.

లామింగ్టన్ రోడ్డు ముందు దిక్కు ఇప్పుడు అంతా లాప్‌టాప్‌లు, సీసీటీవీ కెమెరాలు, ప్రింటర్ సిరా. విడి పార్టులు కావాలంటే పక్క సందుల్లోకి, ప్రాక్టర్ రోడ్డు దిక్కుకు, పాత బిల్డింగుల లోపలి దుకాణాలకు పోవాలి. గోడ నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగులు, సొరుగు మీద పెన్నుతో రాసిన అంకెలు. దుకాణం వెడల్పు మన ఖోలీ తలుపంత ఉంటుంది. ముందు ఎప్పుడూ అయిదారుగురు నిలబడి ఉంటారు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, లిఫ్టు మెకానిక్కులు, నలసోపారా నుంచో కల్యాణ్ నుంచో వచ్చిన టీవీ రిపేరువాళ్ళు.

రెండో మాట. దుకాణందారు భాష తెలియకపోతే ఉన్న సరుకు కూడా "నహీ హై" అవుతుంది. నా బిడ్డ విదేశీ బొమ్మ చూసి జాబితా రాసుకున్నది. "క్వార్టర్ ఇంచ్ మోనో జాక్" అని అడిగింది. మూడు దుకాణాల్లో లేదన్నారు. నాలుగో దుకాణంలో నేను చేతితో గిటారు వాయిస్తున్నట్టు, వైరు గుచ్చుతున్నట్టు చూపించాను. ఆయన తల కొట్టుకొని, "అరే, పీ థర్టీఎయిట్ బోలో నా!" అని డబ్బా నిండా తీసి ముందు పోశాడు. మన మండల్ మైకు వైరు చివర ఉండే లావు పిన్ను ఉంటుంది చూశారా, అదే. మన దగ్గర దాని పేరు పీ-38. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కెపాసిటర్‌ను బాపు ఎప్పుడూ కండెన్సర్ అనేవాడు. పాయింట్ జీరో వన్ కావాలంటే 103 అని అడగాలి, ఒంటి మీద అట్లాగే అచ్చు ఉంటుంది. పొటెన్షియోమీటర్ అంటే పెద్ద మాట, వాల్యూమ్ కంట్రోల్ అంటే వెంటనే ఇస్తారు. బిడ్డ నన్ను కొత్తగా చూసింది. "నీకు ఇవన్నీ తెల్సా డాడీ?" తెలియదు. చిన్నప్పుడు బాపు పక్కన కూర్చొని టార్చిలైటు పట్టినప్పుడు చెవిన పడ్డాయి, అంతే.

రెసిస్టర్లు ఒకటీ రెండూ అడిగితే విసుక్కుంటారు, పదేసి తీసుకుంటే మొహం విప్పారుతుంది. కాలితో తొక్కే తొమ్మిది కాళ్ళ స్విచ్చి మాకు దొరకలేదు. ఆరు కాళ్ళది దొరికింది. దీపం వెలగక్కర్లేదు అనుకుంటే ఆరు కాళ్ళదే చాలు. గిటారును డబ్బాలోంచి పంపడానికీ, డబ్బాను తప్పించి నేరుగా పంపడానికీ అంతకంటే ఎక్కువ కాళ్ళతో పని లేదు. ఈ సంగతి కౌంటర్ దగ్గర నిలబడి కాగితం మీద గీత గీసి తనే తేల్చింది. పక్కనున్న లిఫ్టు మెకానిక్ తొంగిచూసి "సహీ హై" అన్నాడు. కాలేజీలో వచ్చిన మార్కులకు కూడా అంత మురవలేదు.

యాంప్లిఫయర్ కోసం 4440 బోర్డు తీసుకున్నాం. మన గణపతి మండపాల్లో, ఆటోల్లో, చాయ్ దుకాణాల్లో మోగేది చాలావరకు ఈ ఎల్‌ఏ 4440 ఐసీయే. దుకాణంలో "సౌ వాట్ హై" అంటారు, నమ్మవద్దు. రెండు చానళ్ళుగా వాడితే ఒక్కోదానికి 6 వాట్లు, రెండూ కలిపి ఒకటిగా వాడితే 19 వాట్లు. పది బై పన్నెండు ఖోలీకి ఆరు వాట్లే ఎక్కువ, పక్కింటి వదినను అడగండి.

మొదటిసారి సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసింది. బీసీ 547 అని, ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బా లేక సబ్బు పెట్టె ప్లాస్టిక్ డబ్బాలో అమర్చింది. రాత్రి అన్నాలు తిన్నాక స్విచ్చి వేస్తే, గిటారు ముట్టుకోకముందే యాంప్లిఫయర్‌లోంచి మరాఠీలో ఎవరో మాట్లాడారు. ఆకాశవాణి! మా అమ్మ మంచం మీద లేచి కూర్చొని "రేడియో ఎవలు పెట్టిన్రు?" అన్నది. ప్లాస్టిక్ డబ్బా అయితే గాలిలోని రేడియో అలలు లోపలి వైర్లకు తగులుతాయి, ఇంత ఎక్కువగా పెంచే సర్క్యూట్ వాటిని కూడా పెంచి వినిపిస్తుంది. ఇనుప డబ్బా పెట్టి, దాన్ని గ్రౌండుకు కలిపితే బయటే ఆగిపోతాయి. పెడల్‌కు లోహపు పెట్టె ఎందుకో అప్పుడు తెలిసింది. కాలితో తొక్కినా పగలకుండా ఉండటానికే అనుకున్నాం అప్పటిదాకా. మర్నాడు హార్డ్‌వేర్ దుకాణంలో గోడకు పెట్టే ఇనుప స్విచ్చు డబ్బా కొని, మా గల్లీ చివర వెల్డింగు పిల్లగాడితో నాలుగు రంధ్రాలు వేయించాం. డబ్బులు తీసుకోలేదు, పాట వినిపించమన్నాడు.

పని చేసింది. కానీ నా బిడ్డకు నచ్చలేదు. చెవిలో సూదులు గుచ్చినట్టు ఉందట. "జర్మేనియం కావాలె డాడీ. ఏసీ 128."

ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ గుండ్రటి డబ్బాలో ఒక పెడల్ చేసింది, ఫజ్ ఫేస్ దాని పేరు. జిమీ హెండ్రిక్స్ అనే గొప్ప గిటారిస్టు వాడటంతో లోకమంతా తెలిసింది. అందులో ఉన్నవి రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కండెన్సర్లు, రెండు కంట్రోళ్ళు. మొత్తం పదకొండు. ఏసీ 128 పెట్టిన ఫజ్ ఫేస్‌లు కూడా ఉన్నాయి. ఆ ఏసీ 128ని మన దేశంలో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చేసేవారు. సిలికాన్ వచ్చాక జర్మేనియం పాతబడింది, తయారీ ఆగిపోయింది. ఇప్పుడు లోకంలో గిటారు పిచ్చివాళ్ళంతా పాత సరుకు కోసం వెతుకుతున్నారు. అవి ఒకప్పుడు ఎక్కడ ఉండేవి? పాత పాకెట్ ట్రాన్సిస్టర్ రేడియోల్లో, స్పీకరుకు ముందు, జంటగా.

ఆ మాట విని నేను ఏమీ మాట్లాడలేదు.

బాపు పోయాక, 1999లో, ఆయన రేకు పెట్టె ఖోలీలో జాగా తింటున్నదని నేనే భంగార్‌వాలాకు వేశాను. పెట్టెలో అగ్గిపెట్టెలు వరుసగా ఉండేవి, ఒక్కో అగ్గిపెట్టె మీద బాపు తెలుగు అంకెలతో ఏదో రాసుకునేవాడు. విప్పిన రేడియో బోర్డులు, తీసి దాచిన ట్రాన్సిస్టర్లు. పన్నెండు కిలోలు తూగింది. ఎంత వచ్చిందో ఇక్కడ రాయను. ఆ డబ్బుతో ఇంటికి మిక్సీ కొన్నాం.

మళ్ళీ బయలుదేరాం. ఒక దుకాణంలో ఏసీ 128లు ఉన్నాయన్నారు. మిలమిల మెరిసే కొత్త సరుకు, అచ్చు స్పష్టంగా ఉంది, జత మూడు వందలు. తెచ్చాం. ఇంటికి వచ్చి బిడ్డ మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి చూసింది. జర్మేనియం అయితే 200, 300 దగ్గర చూపించాలి. ఇది 650 చూపించింది. అంటే లోపల ఉన్నది సిలికాన్, పైన మాత్రం వేరే పేరు అచ్చు వేశారు. దుకాణం పేరు రాయను, వాళ్ళకు కూడా ఎవరో అట్లాగే అంటగట్టి ఉంటారు. మూడు వందలు మాత్రం పోయాయి. కాబట్టి మూడో మాట: మల్టీమీటర్ జేబులో పెట్టుకొని పొండి, కౌంటర్ మీదే కొలవండి. మంచి దుకాణందారు ఏమీ అనుకోడు.

శుక్రవారం పొద్దున్నే చోర్ బజార్ పోయాం. మటన్ స్ట్రీట్ పాత సామాన్ల దుకాణాలు శుక్రవారం బంద్ ఉంటాయి, ఆ రోజు రోడ్ల మీద పరుచుకొని అమ్మేవాళ్ళ సంత. ఎండ ఎక్కకముందే మంచివి అయిపోతాయి. చెప్పుల జతలో ఒకటి, డాక్టరు గొట్టాలు, గడియారం పొట్టలు, వాటి మధ్య గోనెపట్టా మీద రేడియో అస్థిపంజరాలు. ఒక ముసలాయన దగ్గర పగిలిన బోర్డు ఒకటి దొరికింది, దాని మీద ఏసీ 128 ఒకే ఒకటి మిగిలి ఉంది. మొద్దుబారిన పెన్సిల్ ముక్కలాంటి చిన్న లోహపు గొట్టం, కింద మూడు కాళ్ళు, కలెక్టర్ దిక్కు రంగు చుక్క. నలభై రూపాయలు. జంట ఎక్కడ అని అడిగితే, "జోడీ తో ఇన్సాన్ కీ భీ నహీ మిల్తీ" అన్నాడు. డబ్బులిచ్చి నవ్వుకుంటూ వచ్చాం.

జర్మేనియంతో ఒక తంటా ఉంది. కరెంటు ఊరికే కారిపోతుంటుంది. నల్లా కట్టినా బొట్లు పడుతున్నట్టు. దాన్ని లీకేజీ అంటారు. మల్టీమీటర్‌లో ట్రాన్సిస్టర్ గుచ్చే బొక్కలు ఉంటాయి కదా, అవి ఆ కారిపోయేదాన్ని కూడా బలంగా లెక్కకట్టి చూపిస్తాయి. నా బిడ్డ చేసిన పద్ధతి ఇది. 2,200 ఓములది ఒకటి, 270 ఓములది ఒకటి వరుసగా కలిపి కలెక్టర్‌కు పెట్టింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించి, ఆ రెసిస్టర్ల మీద వోల్టేజీ కొలిచింది. బేస్ కాలు గాలిలో ఉండగా 0.31. అది లీకేజీ. తర్వాత 22 లక్షల ఓముల రెసిస్టర్ బేస్‌కు తగిలిస్తే 1.46. తీసివేస్తే 1.15, నూరుతో గుణిస్తే 115. అదే దాని అసలు బలం. రెండో స్థానానికి సరిపోతుంది, మొదటి స్థానానికి 70, 80 మధ్యది కావాలి అన్నది. వేలితో ట్రాన్సిస్టర్‌ను ముట్టుకుంటే చాలు, ఒంటి వేడికి అంకె పెరుగుతూ పోయింది. వేలు తీసి ఊదితే దిగింది. మే నెల ఎండలో ఈ పెడల్ ఒక తీరుగా, డిసెంబర్‌లో ఒక తీరుగా పాడుతుందట. మనుషుల్లాగే.

ఒకటి దొరికింది. ఇంకొకటి ఇంట్లోనే ఉంది, ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అమ్మ మంచం తల దగ్గర గూట్లో ఒక పాకెట్ ట్రాన్సిస్టర్ రేడియో ఉంది. తోలు కవరు నల్లబడిపోయింది. 1974లో బాపు మిల్లు బోనస్ డబ్బుతో దీపావళికి కొన్నాడు. రేడియోకి లైసెన్సు కట్టే రోజులవి. అది మోగడం మానేసి ఎన్నేళ్ళయిందో కూడా నాకు గుర్తు లేదు. రీడెవలప్‌మెంట్ మాట నడుస్తున్నప్పటి నుంచీ ప్రతి ఇంట్లో ఏది ఉంచుకోవాలె, ఏది పారెయ్యాలె అన్న లెక్కే కదా. మా ఆవిడ ఆ రేడియోను రెండుసార్లు పారేసే కుప్పలో పెట్టింది, అమ్మ రెండుసార్లు తీసి మళ్ళీ గూట్లో పెట్టుకుంది. రేకు పెట్టె అమ్మిన నాకు ఇప్పుడు ఆ రేడియో అడిగే మొహం లేదు.

చివరికి బిడ్డే అడిగింది. పక్కన కూర్చొని, మొబైల్‌లో ఫజ్ ఫేస్ బొమ్మ చూపించి, ఏసీ 128 అంటే ఏమిటో చెప్పి, "నానమ్మా, నీ రేడియోల రెండున్నయి. నాకు ఒకటి చాలు. చెడగొట్టను" అన్నది.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కవరు గుండీలు తనే విప్పింది. "అది ఎట్లనూ మూగదాయె. విప్పు."

వెనక మూత తీశాం. లోపల దుమ్ము లేదు. బాపు చేతి పని నాకు వెంటనే తెలిసింది, ఆయన సోల్డర్ చుక్క ఎప్పుడూ చిన్నగా, మెరుస్తూ ఉండేది. స్పీకరు పక్కన ఏసీ 128 ఉంది. ఒకటే. రెండోది ఉండాల్సిన చోట మూడు బొక్కలు ఖాళీగా ఉన్నాయి. విరగ్గొట్టినట్టు లేదు, చాలా శుభ్రంగా తీసినట్టు ఉంది.

ఈ జంట ట్రాన్సిస్టర్లు శబ్దాన్ని చెరి సగం మోస్తాయని, ఒకటి తీసేస్తే సగం అలే స్పీకరుకు చేరి రేడియో గరగరమంటూ చిన్న గొంతుతో మోగుతుందని బిడ్డ చెప్పింది.

అమ్మ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. "అందుకేనా! సమ్మె ఏడు, శ్రావణ మాసం. ఇంట్ల బియ్యం లేవు. ఆ రోజు ఎవలదో రేడియో బాగుచేసి ఇరవై రూపాయలు తెచ్చిండు. మర్నాటి నుంచి నా రేడియో గరగర. ఏమైందయ్యా అంటే, పాతదైంది, గంతే అన్నడు." కొంచెం ఆగి, "నలభై ఏండ్ల సంది నేను దీన్ని పాతదనే అనుకుంటున్న" అన్నది. తిడుతున్నదో నవ్వుతున్నదో తెలియలేదు. రెండూ అనుకుంటా.

మిగిలిన ఒక్కదాన్ని నేనే తీశాను. బాపు వాడిన పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడో పోయింది, బిడ్డ కొన్న కొత్తదానితోనే. చెయ్యి వణికింది, బిడ్డ టార్చి పట్టింది. కొలిస్తే లీకేజీ 0.12, బలం 76. మొదటి స్థానానికి ఏం కావాలో సరిగ్గా అదే.

ఆ రాత్రే అమర్చింది. ఈ ట్రాన్సిస్టర్లకు బ్యాటరీ తిరగేసి పెట్టాలి, పాజిటివ్ గ్రౌండుకు పోతుంది. ఒకసారి మరిచిపోయి, గుర్తుకొచ్చి, స్విచ్చి వేయకముందే మార్చింది. ఈసారి ఆకాశవాణి రాలేదు. ఒక్క తీగ మీటి వదిలింది. మోత లావుగా, వెచ్చగా లేచి, గోడకున్న గిన్నెలను తాకి, నెమ్మదిగా గుసగుసలోకి దిగింది. గిటారు మీద వాల్యూమ్ తగ్గిస్తే మళ్ళీ నున్నగా, గంట కొట్టినట్టు. సిలికాన్‌లో ఇది లేదు, నాకు కూడా తేడా తెలిసింది. పక్కింటి వదిన గోడ మీద తట్టింది. వెల్డింగు పిల్లగాడు కింది నుంచి "అజూన్ ఏక్!" అని అరిచాడు.

మొత్తం ఖర్చు రాసి పెట్టాను. పెడల్‌కు, మోసపోయిన మూడు వందలు కలిపి, 790 రూపాయలు. యాంప్లిఫయర్‌కు స్పీకరు, ట్రాన్స్‌ఫార్మర్ కలిపి 1,140. స్పీకరు పెట్టె మాత్రం పాత టీవీ స్టాండు చెక్కలతో చేశాం.

అమ్మ ఖాళీ రేడియోకు మూత పెట్టి, కవరు గుండీలు పెట్టి, గూట్లో పెట్టుకుంది. నాకు వేలు చూపించింది. "మీ అయ్య ఒకటి తీసిండు, నువ్వు ఒకటి తీసినవ్. నా రేడియోకు రెండు బాకీ. తెచ్చి పెట్టుండ్రి."

ఈ శుక్రవారం పొద్దున ఆరింటికి మళ్ళీ చోర్ బజార్ పోతున్నాం. మీ ఇంట్లో మూలకు పడిన పాత పాకెట్ రేడియో ఉంటే భంగార్‌కు వేసే ముందు ఒకసారి మూత తీసి చూడండి. రంగు చుక్క ఉన్న లోహపు గొట్టాలు కనిపిస్తే మా గల్లీకి కబురు పెట్టండి, ధర ఇచ్చి తీసుకుంటాం. జంటగా ఉంటే మరీ మంచిది.